నన్నేం చెక్కాలని అడిగితే

నేను ఒక నల్లరాయిని. చీమకుర్తి కొండల్లో పుట్టాను. నల్లరాయి అంటే ఒట్టి నలుపే అనుకోకండి. నీళ్లు చల్లి ఎండలో చూడండి, ఒళ్లంతా సన్నని బంగారు చుక్కలు మెరుస్తాయి. ఆ చుక్కల కోసమే మనుషులు మా కొండను కోసి, ఓడలెక్కించి ఎక్కడెక్కడికో పంపుతారు. నేనూ ఓడ ఎక్కవలసినదాన్నే. కానీ నాకు ఒక మూల తెల్లటి చార ఉంది. కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఆ చార మీద సుద్దముక్కతో అడ్డంగా గీత కొట్టి, పక్క రాయి దగ్గరికి వెళ్లిపోయాడు. నేను తయారు కావడానికి ఎన్ని యుగాలు పట్టిందో నాకే తెలియదు. నన్ను వద్దనడానికి ఆయనకు టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

అలా ఓడకు బదులు లారీ ఎక్కి ఆళ్లగడ్డ చేరాను. అక్కడ మౌనాచారి అనే శిల్పి తన శిల్పశాలలో నన్ను దింపించుకున్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఎటు చూసినా రాళ్లు దేవుళ్లవుతున్నాయి! నాతో పాటు అదే లారీలో వచ్చిన రాయి వారం తిరక్కుండానే ఆంజనేయుడైపోయి, చేతిలో గద పట్టుకుని నిలబడింది. ఇంకో రాయి వేణుగోపాలుడైంది. నా వంతు ఎప్పుడొస్తుందా, నేనెవర్నవుతానా అని నాకు ఒకటే ఆత్రం.

మౌనాచారికి ఒక్కతే కూతురు, కాళికాంబ. ముప్పై ఏళ్లుంటాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ చేతిలో ఉలితోనే పెరిగింది. తండ్రి మోటుపని కానిస్తే, విగ్రహానికి ముఖం తీర్చేది ఆమె. అమ్మవారి పెదవి మీద నవ్వు, కృష్ణుడి కనురెప్ప మీద అలసట, అన్నీ ఆమె చేతి చలవే. కొనడానికి వచ్చినవాళ్లు చూసి, "ఆచారి చెయ్యంటే చెయ్యప్పా!" అని మెచ్చుకునేవారు. "నాది కాదు నాయనా, మా పాపది" అని ఆచారి చెప్పినా, ఏదో కూతురి మీద ముద్దు కొద్దీ అంటున్నాడని నవ్వి ఊరుకునేవారు. కాళికాంబ కూడా ఏమీ అనేది కాదు. మధ్యాహ్నం నా నీడన కూర్చుని అన్నం తింటూ, వేళ్లతో నా మీద తట్టి, చెవి పెట్టి వినేది. "నువ్వేమైతావే?" అని నన్నే అడిగేది. నాకు నోరుంటే, ఏదైనా సరే తొందరగా చెయ్యి తల్లీ అని చెప్పేదాన్ని.

చివరికి నంద్యాల నుంచి పిలుపొచ్చింది.

నంద్యాలలో పాలకేంద్రం కాలనీ అని ఒకటుంది. ఒకప్పుడు అక్కడ పాల శీతలకేంద్రం ఉండేదట. అది మూతపడి, చుట్టూ ఇళ్లు లేచాయి. మిగిలిన కాస్త జాగాను పార్కు చేశారు. ఆ పార్కులో ఒక శిల్పం పెట్టాలని, అది ఏ శిల్పమో కాలనీవాళ్లనే అడిగి తేల్చాలని మున్సిపాలిటీ తీర్మానించింది. ఆ వార్డు కౌన్సిలర్ మద్దిలేటి ఆచారిని వెతుక్కుంటూ వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు, తెల్లబట్టల మీద చిన్న మరక కూడా పడనివ్వడు.

"నా భుజం పట్టేసింది మద్దిలేటీ. ఈ పని మా పాప చేస్తాది, ఇదో ఈ నల్లరాయితో" అన్నాడు మౌనాచారి.

"ఎవరు చేస్తే ఏముందిలే ఆచారీ, పేరు మాత్రం నీది పెడదాం. నీ పేరంటే జనానికి ఒక ఇది."

"పని పాపది. పేరూ పాపదే. ఇష్టముంటే చెప్పు, లేకుంటే టీ తాగి పో."

మద్దిలేటి టీ తాగాడు, ఒప్పుకున్నాడు. లేస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. "రెండు ఆదివారాలు టైమిస్తాండా. అందరూ ఒక మాట మీదికి రావల్ల. రాకుంటే రెడీమేడ్ డాల్ఫిన్ ఉండాది, ఫైబర్‌ది. నోట్లోంచి నీళ్లు గూడా చిమ్ముతాది. అదే పెట్టేస్తాం."

నంద్యాలలో డాల్ఫిన్! సముద్రం ఎక్కడుంది, నంద్యాల ఎక్కడుంది! నాకు నవ్వొచ్చింది. కానీ మౌనాచారి కూతురితో అన్న మాట వినగానే ఆ నవ్వు ఎగిరిపోయింది. "వాళ్లు డాల్ఫినే పెట్టుకుంటే ఈ రాయిని కోసి వంటింటి గట్లకు ఇచ్చేద్దాం పాపా. చార ఉన్న రాయిని ఎన్నాళ్లు పెట్టుకుంటాం?"

మొదటి ఆదివారానికి ముందే కాళికాంబ నన్ను క్రేన్‌తో ఎత్తించి ఆ పార్కుకు తరలించింది. "రాయిని చూడకుండా ఏం కావల్నో ఎట్ల చెప్తారు?" అని ఆమె వాదన. వేపచెట్ల మధ్య నన్ను దింపారు. సాయంత్రానికి షామియానా వేశారు, మైకు పెట్టారు. కాలనీ కాలనీ అంతా వచ్చింది. అంతమంది నా వైపే చూస్తుంటే పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది నాకు.

మైకు ముందు అందుకున్నది దస్తగిరి సార్. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. కబడ్డీ ఆటగాడిని చెక్కాలన్నాడు. అంతలో అమ్మవారు కావాలన్నారు కొందరు. దేవుడి విగ్రహం పెడితే చెప్పులేసుకుని వాకింగ్ ఎట్ల చేస్తామన్నారు ఇంకొందరు. ఆటో నడిపే హుసేన్ భూగోళం పెట్టమన్నాడు. పిల్లలు ఏనుగు ఏనుగని అరిచారు. లక్ష్మీదేవమ్మ అనే పెద్దావిడ తులసికోట ఉంటే చాలంది. మద్దిలేటి అందరూ చెప్పేదాకా ఆగి, గొంతు సవరించుకుని, ఈ జాగాలోనే గేదెలు మేపి ఊరంతటికీ పాలు పోసిన తన తండ్రి పాల పుల్లన్న విగ్రహమైతే బాగుంటుందని కొందరు అనుకుంటున్నారని చెప్పాడు. ఆ కొందరు ఎవరో చూద్దామని అందరూ చుట్టూ తిరిగి చూశారు. ఎవరూ కనబడలేదు.

ఇక చూడండి! ఒకరి మాట మీద ఇంకొకరు. మైకు చేతులు మారి మారి కూతపెట్టింది. దస్తగిరి సార్ జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. ఎవరూ ఆగలేదు. మధ్యలో కాళికాంబ నిలబడి అటూ ఇటూ చూస్తోంది. విగ్రహం పెదవి మీద నవ్వు తెప్పించడం తెలుసు గానీ, ఇంతమందిని ఒక మాట మీదికి తెప్పించడం ఆమెకేం తెలుసు? జనం వెళ్లిపోయాక వచ్చి నా పక్కన కూలబడింది. "వీళ్లు చెప్పేది ఒక్కటీ నాకు కనపడలేదు నాయనా. అన్నీ వినబడినాయి, అంతే" అంది తండ్రితో. అన్న మాటను తనే ఇంకోసారి నెమ్మదిగా అనుకుంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

రెండో ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా కాలువగట్టు బంకమన్ను! నా చుట్టూ గోనెపట్టాలు పరిపించి, ఆ మన్నును కుప్పలు కుప్పలుగా పోయించింది కాళికాంబ. మైకు లేదు, కుర్చీలు లేవు.

"ఈ రోజు నోటితో చెప్పొద్దు. చేత్తో చెప్పండి" అంది. "ఏం కావల్నో చేసి చూపించండి. బాగా రాకున్నా ఏం కాదు."

పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లలు మాత్రం అప్పటికే మోచేతుల దాకా మన్నులో ఉన్నారు. దస్తగిరి సార్ చొక్కా చేతులు పైకి మడిచాడు. అంతే, ఇక ఆపేవాళ్లు లేరు! ముక్కుపుడక మీద మన్ను, మీసం మీద మన్ను. నవ్వులు, కేకలు. "నీదేందే, ఇడ్లీనా?" "కాదక్కా, భూగోళం!" సార్ చేసిన కబడ్డీ ఆటగాడు కూత పెట్టకముందే మోకాళ్ల మీద కూలిపోయాడు. హుసేన్ భూగోళం సంగతి మరిచిపోయి తన ఆటోనే చేసుకున్నాడు, దానికి అద్దం కూడా పెట్టాడు. లక్ష్మీదేవమ్మ తులసికోట అచ్చు గుద్దినట్టు వచ్చింది. నేనైతే ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. కొత్త బొమ్మ లేచినప్పుడల్లా అదే నేనేమో అనుకుంటున్నాను.

మద్దిలేటి చాలాసేపు దూరంగా నిలబడ్డాడు. తెల్లబట్టలు గదా! చివరికి ఆగలేక వచ్చి గొంతుక్కూర్చున్నాడు. తండ్రిని చేయడం మొదలుపెట్టాడు. తలపాగా పెట్టాడు, మీసం పెట్టాడు. ఎంత దిద్దినా ఆ ముఖం పుల్లన్న ముఖం కాలేదు. దాని పక్కన పెట్టడానికని ఒక ఎనుమును మొదలుపెట్టాడు. కోస్తావాళ్లు గేదె అనేదాన్నే ఈ సీమలో ఎనుమంటారు. అప్పుడు చూడాలి అతని చేతులు! చిన్నప్పుడు రోజూ కాలువలో ఎనుములను కడిగిన చేతులవి. వీపు ఎక్కడ వంగుతుందో, తుంటి ఎముక ముందు గుంట ఎక్కడ పడుతుందో, మెడ కింద ముడతలు ఎలా వేలాడతాయో వాటికి అడక్కుండానే తెలుసు. కాళ్లు మడిచి పడుకుని, కళ్లు సగం మూసి నెమరేస్తున్న ఎనుము. కొమ్ములు వెనక్కి వంగి మెడ మీద ఆనుకున్నాయి. చుట్టూ గోల కాస్త కాస్తగా తగ్గింది. ఒక్కొక్కరే వచ్చి అతని వెనక నిలబడ్డారు.

"అన్నా, నువ్వేనా ఇది చేసింది?" అన్నాడు హుసేన్.

మద్దిలేటి తలెత్తి చూసి సిగ్గుపడ్డాడు. "మా నాయన పక్కన పెడదామని..."

"నాయన యాడన్నా?"

"ఇదిగో."

"అది వంకాయ గదన్నా!"

పార్కంతా గొల్లుమంది. మద్దిలేటి ముఖం చిన్నబోయింది. దస్తగిరి సార్ మాత్రం నవ్వలేదు. ఆ మట్టి ఎనుమును రెండు చేతుల్తో ఎత్తి తెచ్చి నా మీద పెట్టాడు.

"ఇదే చెక్కు పాపా. నల్లరాయి, నల్ల ఎనుము. ఈ కాలనీ పుట్టింది పాల మీద. దీనికన్నా ఏం కావల్ల మనకు?"

"మా నాయన్ను పెట్టమంటే ఎనుమును పెడతారా సార్?" మద్దిలేటి లేచి నిలబడ్డాడు.

"మీ నాయనుంటే ఏది పెట్టమంటుండె? నువ్వే చెప్పు."

మద్దిలేటి తన మట్టి ఎనుము వైపు చూశాడు. ఆ మట్టిచేతులతోనే ముఖం తుడుచుకుని, "ఎనుమునే పెట్టమంటుండె" అన్నాడు. "మాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చేటోడు. దానికి జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూచునేటోడు."

నా సంగతి చెప్పనా? మొదట మనసు చివుక్కుమంది. గద పట్టుకోవలసినదాన్ని, వేణువు పట్టుకోవలసినదాన్ని, ఎనుమునా? కానీ నా వీపు మీద కూర్చున్న ఆ మట్టి ఎనుము ఎంత నిమ్మళంగా ఉందో! చుట్టూ అన్ని ముఖాలు ఎంతగా వెలిగిపోతున్నాయో! క్షణంలో నాకూ సంబరం పట్టుకుంది. అవును, ఎనుమునే!

అంతలో లక్ష్మీదేవమ్మ గొంతు లేచింది. "యముని వాహనాన్ని పార్కులో పెడతారా? మీకేమన్నా పిచ్చి పట్టిందా?"

తన తులసికోటను ఎత్తుకుని గేటు వైపు నడిచింది. వెనకే మరి కొందరు ఆడవాళ్లు చేతులు కడుక్కోవడానికి లేచారు. అప్పటిదాకా ఉన్న ఉత్సాహం మీద నీళ్లు కుమ్మరించినట్టయింది. "అయిపాయె. ఇంగ డాల్ఫినే" అన్నాడు హుసేన్. నాకు వంటింటి గట్టు, దాని మీద గ్యాస్ పొయ్యి కళ్ల ముందు కనబడ్డాయి.

కాళికాంబ పరిగెత్తి గేటు దగ్గర ఆవిణ్ని అందుకుంది. వాదించలేదు. "పెద్దమ్మా, నీకు భయం లేకుండా ఉండల్లంటే ఎట్ల చేయల్ల? అది చెప్పి పో" అంది.

లక్ష్మీదేవమ్మ ఆగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఆయనకు మొన్ననే గుండె ఆపరేషన్ అయింది. డాక్టరు నడవమన్నాడు. దినామూ నడిచేది ఈడనే. అడుగడుక్కీ యముని వాహనం ఎదురొస్తే ఆ మనిషి ఎట్ల నడుస్తాడు? నేనెట్ల పంపేది?"

ఎవరూ నవ్వలేదు. కాళికాంబ ఆమెను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది. తనూ నేల మీద కూర్చుని, ఆమె చేతిలో ఒక మన్నుముద్ద పెట్టింది. లక్ష్మీదేవమ్మ ఆ మట్టి ఎనుమును చాలాసేపు చూసింది. "యమునిది దున్నపోతు లే. ఇది పాలిచ్చేది" అని తనలో తనే గొణుక్కుంది. "కానీ ఆ సంగతి చూస్తూనే తెలియల్ల. పొద్దున్నే మసక వెలుతురులో చూసినా తెలియల్ల."

"ఎట్ల తెలుస్తాది పెద్దమ్మా?"

ఆమె వేళ్లు అప్పటికే కదులుతున్నాయి. కాసేపటికి చేతిలో చిన్న దూడ తేలింది. దాన్ని తీసి, మూతి తల్లి పొదుగుకు ఆనేలా అంటించింది. "ఇట్ల. దూడకు పాలిచ్చేదాన్ని చూసి ఎవరు భయపడతారు?"

దస్తగిరి సార్ విజిల్ ఊదాడు. "దూడతో ఎనుము! ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!" ఈసారి ఆ విజిల్‌కు అందరూ ఆగారు. మన్ను పూసుకున్న చేతులు లేచాయి. పిల్లలు రెండేసి ఎత్తారు. చివరగా లేచిన చెయ్యి మద్దిలేటిది, తెల్లచొక్కా భుజం దాకా మన్నే. కాళికాంబ నా మీద చెయ్యి వేసింది.

మరునాటి నుంచి పార్కులోనే పని. తాటాకు పందిరి వేశారు. గ్రైండరు అరుస్తుంటే, ఉలి ఖణేల్ ఖణేల్ మంటుంటే, నాలోంచి నేను బయటికి వస్తున్నాను! అలాంటి సంతోషం మీకు చెప్పి తెలియజేయలేను. వాకింగుకు వచ్చిన ప్రతి మనిషీ ఆగి ఒక సలహా పారేసి వెళ్లేవాడు. చెవులింకా వాలాలని ఒకరు, తోక ఇటు పక్కకుండాలని ఒకరు. కాళికాంబ అన్నీ వినేది. కొన్ని చేసేది.

ఒక్క చోట చిక్కొచ్చింది. దూడ రావలసింది సరిగ్గా నా తెల్లచార ఉన్న మూలలో.

"ఆ మూల తీసెయ్ పాపా, చారలో ఉలి పెడితే ఏమైతాదో చెప్పలేం" అన్నాడు మౌనాచారి.

"తీసేస్తే దూడకు చోటు లేదు నాయనా. పెద్దమ్మకు మాటిచ్చినా."

దూడ చెవి దగ్గర పని చేస్తున్న రోజు చాలామందే చుట్టూ ఉన్నారు. ఉలి దెబ్బకు ఖణేల్‌మనవలసినదాన్ని టప్‌మన్నాను. చెవిలో సగం ఎగిరి గడ్డిలో పడింది. జనం ఒక్కసారిగా అయ్యో అన్నారు. కాళికాంబ సుత్తి కింద పెట్టేసి, రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. తన పేరు మీద తొలి పని!

మద్దిలేటి ముందుకొచ్చి వంగి చూశాడు. "దీనికా ఏడ్చేది? పొదుగులో తల దూర్చిన దూడ చెవులు నిలబెట్టుకుంటాదా? వెనక్కి పడేసుకుంటాది. మిగిలిన సగాన్ని మెడకు అతికించినట్టు చేయమ్మా. నేను చెప్తాండా గదా!"

కాళికాంబ వేళ్ల సందుల్లోంచి చూసింది. చూసి చూసి, కళ్లు తుడుచుకుని ఉలి అందుకుంది. చెవి వెనక్కి వాలగానే దూడకు ప్రాణమొచ్చింది! ఇప్పుడు అది ఒట్టి దూడ కాదు, ఆకలేసిన దూడ. లక్ష్మీదేవమ్మ చప్పట్లు కొట్టింది. పక్కనే ఆమె భర్త, డాక్టరు చెప్పినంత కన్నా ఎక్కువే నడిచి వచ్చి, కర్ర మీద ఆనుకుని నవ్వాడు.

నునుపు పట్టిన రోజు నా మీద బకెట్లతో నీళ్లు పోశారు. బంగారు చుక్కలన్నీ ఒక్కసారిగా మెరిశాయి. ఎనుము అప్పుడే కాలువలోంచి లేచొచ్చి ఒడ్డున పడుకున్నట్టే ఉందని పిల్లలు కేకలు పెట్టారు. మౌనాచారి పీఠం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నొప్పి భుజంతోనే అక్షరాలు చెక్కాడు. 'శిల్పి: కాళికాంబ.' చెక్కి, ఊదాడు. దుమ్ము పోయాక ఇంకోసారి చదువుకున్నాడు.

ప్రారంభం రోజు పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. తప్పెట్లు మోగుతున్నాయి. నా మీద పసుపు గుడ్డ కప్పారు. దాని కింద పిల్లలు ఇద్దరు అప్పటికే దూరి నా వీపెక్కి కూర్చున్నారని, గుడ్డ తీసేదాకా ఎవరికీ తెలియలేదు. తీయగానే ఒకటే ఈలలు! మద్దిలేటి చాలా పెద్ద ఉపన్యాసం తయారు చేసుకొచ్చాడు. రెండు మాటలు మాట్లాడి, మైకు దస్తగిరి సార్‌కు ఇచ్చేశాడు.

అప్పుడు జనాన్ని చీల్చుకుంటూ ఒక ముసలామె వచ్చింది. మద్దిలేటి తల్లి, నరసమ్మ. పుల్లన్న భార్య. చూపు సరిగా ఆనదు. మద్దిలేటి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నేరుగా నా దగ్గరికొచ్చి కొమ్ము తడిమింది. వీపు మీదుగా చెయ్యి జరుపుకుంటూ పోయి, తుంటి ముందు గుంట దగ్గర ఆగింది. వంగి దూడ మూతి తడిమింది, పొదుగు తడిమింది. తప్పెట్లు ఎవరు ఆపారో తెలియదు. కాళికాంబ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

నరసమ్మ నడుం నిలబెట్టుకుంది. కాళ్లు నొస్తున్నాయో ఏమో, కూర్చోవడానికి చోటు కోసం తడుముకుంది. పీఠం మీద చోటంతా నేనే ఆక్రమించాను. ఆమె నా తుంటి మీద అరచేత్తో ఫెడీమని ఒకటి చరిచింది.

"ఏయ్, జరుగు పక్కకు!" అంది.

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. ఎవరికి తోచింది వాళ్లు చేశారు. నా సంగతి అడుగుతారా? నిజం చెబుతున్నాను. అన్ని టన్నుల రాయిని, కొండలో పుట్టినదాన్ని, ఆ మాట వినగానే కాళ్లు కూడదీసుకుని లేచి జరగబోయాను.